నకులుడి చీటీ

అర్ధరాత్రి బీరువా మీది పెట్టె
టక్కు... టక్కు... మని ఆగి, మళ్ళా టక్కుమంది.
బల్లి అనుకున్నా.
బల్లయితే సత్యమని నేల తట్టి పడుకుందును.
ఇది లెక్కపెట్టి కొడతా ఉండాది.

రెండు పచ్చ దీపాలుండే చోట
ఒకటి తోతాపురి మాగిన రంగుకు తిరిగింది.

లోపల ఉండేది రెండే డిస్కులు,
ఒకే దినం కొన్న కవలలు,
ఒకడు రాసిందే రెండోవాడూ రాస్తాడు.
నకులుడు, సహదేవుడు అని
గదుల తలుపులకు చీటీలంటించింది నేనే.
వాళ్ళ కడుపుల్లో పదమూడేండ్ల భారతం,
ఏడాదికి పద్దెనిమిది రాత్రులు:
హార్మోనియం, దగ్గులు, బటానీలమ్మే కేక,
తపసుమాను పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయకు
కొంగులు పట్టి ఎగబడే ఆడోళ్ళ అరుపు.
కరెంటాఫీసులో బిల్లులు రాసి రాసి
సాయంత్రమైతే ఈ మైకు పట్టుకొని పరిగెత్తినదాన్ని.

హై రోడ్డు ఖలందర్ ఫోన్లో ఒకటే మాట:
"ముందు కాపీ తీసుకో అక్కా. బాగు చేసేది తర్వాత."
ఎవరు వింటారు?

తెర మీద లెక్క చూసినా.
తావు మారిన సెక్టార్లు సోమవారం ఎనిమిది,
బుధవారం తొంభై ఆరు,
ఈ పొద్దు పదమూడు వందల పన్నెండు.
నీవా పొంగినప్పుడు ఒడ్డు ఇండ్లోళ్ళు
చాపా చెంబూ ఎత్తుకొని మిట్టకు పోయినట్టు
మాటలన్నీ మూటలు కట్టుకుంటా ఉండాయి.

తీగ మార్చినా. అడాప్టరు మార్చినా.
పెట్టె ఆపి, వాడిని వీడి గదిలో,
వీడిని వాడి గదిలో పెట్టి చూసినా.
టక్కు వాడి వెంటే పోయింది.
రోగం ఇంటిది కాదు, మనిషిది.

కొత్త డిస్కు వచ్చిన రోజు
కళ్ళద్దాలు పెట్టుకొని, దేవునికి దండం పెట్టుకొని
సహదేవుడని రాసిన తలుపు లాగినా.
పెట్టె కుయ్యోమంది.
చీటీలు గదులకు కదా ఉండేది.
మనుషులను మార్చినా, పేర్లను మార్చలేదు.
బతికేవాణ్ణి బయటికి లాగి
చచ్చేవాడి చేతిలో భారతం పెట్టినా.

"ఆపెయ్ అక్కా, ఇంకేం ముట్టుకోవద్దు" అని
స్కూటరేసుకొని గిరింపేట దాకా వచ్చినాడు ఖలందర్.
నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండు.

పందొమ్మిది గంటలు.
నలభై రెండు శాతం కాడ కరెంటు పోయింది.
మా ఆఫీసును నేనే తిట్టుకున్నా.
యూపీఎస్ కీచుమంటా కాపాడింది.
తెల్లారి నాలుగుకు రెండు దీపాలూ పచ్చన.

పోయింది పదకొండు సెకండ్లు.
ఆరో ఏడు, పదిహేనో రాత్రి, భీముడి పద్యంలో
పైకెత్తిన గద దిగే లోపల.

మురకంబట్టు వజ్రవేలును పిలిపించినా.
ఆ భీముడు ఇప్పుడు మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటాడు.
కాఫీ పక్కకు జరిపి, గొంతు సవరించుకొని
పదకొండు సెకండ్ల చోట నలభై సెకండ్లు పాడినాడు.
"అప్పట్లో ఇట్ల లేదు కదన్నా" అన్నా.
"అప్పుడు అట్ల పాడినా. ఇప్పుడు ఇట్ల. రెండూ నేనే."
అతికించలేదు నేను. పక్కన వేరే పేరుతో పెట్టినా.

పోతా పోతా పాత డిస్కు చేతిలో తూచి
మూత విప్పించి చూసినాడు.
లోపల పలక. మొగం కనిపించేంత నునుపు.
"అద్దం రాలిపోయిందిమే నా కిరీటానికి,
ఇది ఇస్తావా?"

ఈసారి చీటీలు తలుపులకు కాదు,
డిస్కుల ఒంటికే అంటించినా.
ఖలందర్ అడిగిన మూడో కాపీ
వాళ్ళింట్లో, బియ్యం డబ్బా పక్కన ఉండాది.